గడ్డి మీద నడిచే టికెట్

నేను బస్సు కండక్టర్‌ని. మాది గిద్దలూరు డిపో. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను గట్టిగా నమ్మిన మాట ఒక్కటే: చేతిలో టికెట్ ఉన్న మనిషిని సీట్లోంచి లేవమనే హక్కు ఎవరికీ లేదు. ఎంత పెద్దమనిషి బస్సెక్కినా సరే. కాళ్లకు చెప్పులు లేని ఒక ముసలమ్మను పక్కకు జరగమని కసురుకున్న తెల్లచొక్కా ఆయనను కొమరోలు స్టాండులో దింపేసి బస్సు కదిలించిన రోజు కూడా ఉంది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయ్యాక కొందరు మగవాళ్లు, "ఊరికే ఎక్కినోళ్లు నిలబడాల, దుడ్లిచ్చినోళ్లు కూసోవాల" అని సణిగేవాళ్లు. సున్నా టికెట్ కూడా టికెట్టేనని చెప్పి వాళ్ల నోళ్లు మూయించాను. అందుకే మా అమ్మ ఆ గడ్డి మీద నడవాలని అడిగినప్పుడు, దానిదేముంది, టికెట్ కొంటే సరిపోతుందనుకున్నాను.

ఆమె అడిగింది ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. మా వైపు ఫ్లోరైడు బోరునీళ్లు తాగినవాళ్ల మోకాళ్లు ఎట్లా అవుతాయో ఇక్కడ అందరికీ తెలుసు. అమ్మవి మరీ వంగిపోయాయి. ఇంక ఎక్కువ కాలం నడవలేదని మార్కాపురం డాక్టరు ముందటి వారమే చెప్పాడు. ఆ మాట ఆమె ఎదురుగానే చెప్పాడు, గోడకు చెప్పినట్టు.

"పాపా, నేను నాటిన గడ్డి ఒకసారి సూడాల," అంది అమ్మ.

"ఏం గడ్డిమ్మా?"

"అదే, హైదరాబాదు గడ్డి. బంతులాట తోట. కాళ్లు ఆడతా ఉండంగనే దాని మీద ఒట్టి కాళ్లతో ఒక్కసారి నడవాల. ఇంకేం అడగను నిన్ను."

మా అమ్మ నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. నాయన పోయాక ఊరు వదిలి నా దగ్గరికి వచ్చి ఉంటున్నా, కూరలో ఉప్పు తక్కువైతే ఊరికే లేచి వేసుకుంటుందే గానీ అడగదు. అలాంటిది నోరు తెరిచి అడిగింది.

ఆ గడ్డి సంగతి చెప్పాలి. మా ఊరు కొమరోలు దాటి లోపలికి పోవాలి. వానే దిక్కు. నాయన వేయించిన బోర్లు రెండూ దుమ్ము కక్కాయి. ఆ కరువులో మా పేట ఆడవాళ్లకు కలుపు పని కూడా లేకపోయింది. తీయడానికి కలుపైనా మొలవాలి కదా. అప్పుడు ఒక మేస్త్రీ వచ్చి ఆడవాళ్ల జట్టును హైదరాబాదుకు తీసుకుపోయాడు. నన్ను హాస్టల్లో వదిలి అమ్మ కూడా పోయింది. అక్కడ ఊరి చివర గోల్ఫ్ ఆడుకోవడానికి పెద్ద మైదానం తయారవుతోంది. బతుకంతా చేలల్లో గరిక పీకిన చేతులు అక్కడ గడ్డి నాటాయి. గడ్డి వేళ్లను ముక్కలు చేసి, బెత్తెడు దూరానికొకటి నేలలో గుచ్చి, మట్టి అదిమి, కూర్చున్నచోటి నుంచి వెనక్కి జరగడం. పొద్దునా సాయంత్రం పైపులు గిర్రున తిరుగుతూ దాని మీద నీళ్లు చిమ్మేవట.

"గడ్డికి పోసేవి మంచినీళ్లే పాపా, నేను దోసిలి పట్టి తాగి సూసినా," అని సెలవుకు వచ్చినప్పుడు చెప్పింది. మేమిక్కడ ట్యాంకర్ వెనక బిందెలు పట్టుకుని పరిగెత్తే రోజులవి. అప్పుడు అది నాకు కథలా వినసొంపుగా ఉండింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

గడ్డి వేరు పట్టాక చుట్టూ తాడు కట్టి, నాటినవాళ్లను దాని మీద అడుగు పెట్టనివ్వలేదు. అంతా పచ్చబడ్డాక జట్టు మొత్తాన్ని తోలుకొచ్చి చూపిస్తానన్నాడట మేస్త్రీ. పచ్చబడే రోజుకు వాళ్లను ఇంకో చోట కంకర మోయడానికి లారీ ఎక్కించాడు. అమ్మ ఆ పచ్చదనాన్ని లారీ మీద నుంచి చూసింది. అంతే.

ఆ మైదానం ఇప్పుడు అందరిదీ అట. ఫోనులో వెతికితే కనబడింది. సభ్యత్వం అక్కర్లేదు, ఎవరైనా డబ్బు కట్టి రావచ్చు అని రాసి ఉంది. 'ఎవరైనా' అన్న మాట నాకు భలే నచ్చింది. అక్కడున్న నంబరుకు ఫోన్ చేశాను. ఒక అబ్బాయి ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందీలో మాట్లాడి, నేను తెలుగులో గట్టిగా మాట్లాడేసరికి తెలుగులోకి దిగాడు.

"మీరు ఆడతారా మేడమ్?"

"ఆడం. కాసేపు గడ్డి మీద నడిచి వస్తాం."

"అలా నడవడానికి లేదు మేడమ్. ఆడేవాళ్లే గోల్ఫ్ కోర్సు మీదికి వెళ్లాలి. చూసేవాళ్లు క్యాంటీన్ వరండాలో కూర్చోవచ్చు. కాఫీ బాగుంటుంది."

హైదరాబాదు దాకా పోయి కాఫీ తాగి రావాలట. నేను వదల్లేదు. చిల్లర లేదన్న మనిషి జేబులోంచి చిల్లర తీయించడం నా వృత్తి. అటు తిప్పి ఇటు తిప్పి అడిగితే, ఆట కొత్తగా నేర్చుకునేవాళ్లకు గంటసేపు క్లాసు ఉందని చెప్పాడు.

"అది గడ్డి మీదే కదా?"

"ఇక్కడ ఎటు చూసినా గడ్డే మేడమ్," అని నవ్వాడు. "ఎవరి పేరు మీద రాయమంటారు?"

"మా అమ్మ పేరు మీద."

వయసు అడిగాడు, చెప్పాను. "మీ దగ్గర వయసుకేమైనా హద్దుందా నాయనా?" అంటే లేదన్నాడు. "అయితే రాసుకో," అన్నాను. తర్వాత రూల్సు చదివాడు. కాలరున్న చొక్కా ఉండాలి, జీన్సు వద్దు, చెప్పులతో అసలు రానివ్వరు, మెత్తటి అడుగున్న బూట్లు తప్పనిసరి. చీర సంగతేమిటంటే ఎవరినో అడిగి వచ్చి, "చీర గురించి రూల్సులో ఏమీ లేదు మేడమ్," అన్నాడు. రూల్సు రాసినవాళ్లకు చీర కట్టుకున్న మనిషి గుర్తుకు రాలేదన్నమాట. అది మాకు కలిసొచ్చింది. క్లాసుకు డబ్బు కట్టాను, నా పేరున కూడా ఒక టికెట్ తీసుకున్నాను. ఎంతయిందో అమ్మకు చెప్పలేదు, ఇక్కడా చెప్పను. చెబితే అమ్మ నూనె రాసుకోవడం కూడా మానేస్తుంది.

డిపోలో సెలవు అడిగితే, ఏం పని మీదని అడిగారు. అబద్ధం ఎందుకని, గోల్ఫ్ ఆడేదానికి అన్నాను. గదిలో ఉన్నవాళ్లంతా టీ గ్లాసులు పక్కన పెట్టి మరీ నవ్వారు. నాతో డ్యూటీ చేసే డ్రైవరు, "అక్కా, ఆడు గానీ, బంతి పోతే మన బస్సు కింద ఎతకమాక," అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు. కానీ లోపల మండింది. వీళ్లలో ఒక్కడైనా, నవ్వడానికి ముందు, ఎందుకని అడగలేదు.

తర్వాత బూట్లు. గిద్దలూరు బజారులో ఒక సాయిబు గారి చెప్పుల దుకాణం ఉంది. అమ్మను కూర్చోబెట్టి, ఆయనే కింద కూర్చుని, "కాలు ఇట్ల ఇయ్యి అక్కా," అన్నాడు. అమ్మ సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకుంది. ఆమె కాలు ఎవరి చేతికీ ఇచ్చి ఎరగదు. మడమలు బీటలు పారి, వేళ్లు విసనకర్రలా విడిపోయి ఉంటాయి. ఆడవాళ్ల బూట్లు ఒక్కటీ పట్టలేదు. చివరికి మగపిల్లలు బడిలో తొడుక్కునే తెల్ల గుడ్డబూట్లలో పెద్దవి తెచ్చాడు.

"ఇవి తొడుక్కోని యాడికి పోతావక్కా?"

"నేను నాటిన గడ్డి మీద నడిచేదానికి."

"గడ్డి మీద నడిచేదానికి బూట్లేందక్కా?"

"అదే నేనూ అడగతా ఉండా. మా పాపను అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. రూలు అన్నాను. రోజుకు వందమందికి రూల్సు చెప్పే నోరే అది. ఆ పూట అంత తేలిగ్గా రాలేదు.

సాయంత్రం పూట మా వీధిలో అమ్మకు బూట్లతో నడక నేర్పాను. మాడే బండ మీద నడిచినట్టు కాళ్లెత్తి ఎత్తి వేసేది. "కాళ్లకు గంతలు కట్టినట్టుంది పాపా, నేల ఏందో తెలవడంల్యా," అనేది. వాకిళ్లలో కూర్చున్నవాళ్లకు కాలక్షేపమైంది. ఒకావిడ, "ఏంది పెద్దమ్మా, పోలీసు ఉద్యోగమొచ్చిందా," అని అడిగింది. అమ్మ వాళ్లతో కలిసి నవ్వింది. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

జట్టులో అమ్మతో పాటు పోయినవాళ్లలో ఇప్పుడు ఊళ్లో మిగిలింది ఒక్కతే. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. ఆమెను కూడా రమ్మందామని ఇద్దరం ఊరికి పోయాం. ఆమె కంది చేలో నలుగురితో కలిసి కలుపు తీస్తోంది. మా వైపు ఒక పద్ధతి ఉంది. కలుపు తీసే చేలోకి ఎవరైనా పోతే, గట్టు మీద నిలబడి మాట్లాడరు. ముందు సాలులో కూర్చుని, నాలుగు గుప్పెళ్ల కలుపు పీకి, అప్పుడు వచ్చిన పని చెప్పాలి. ఒంటి మీద ఎంత మంచి చీర ఉన్నా సరే. నిలబడి మాట్లాడేది ఆసామి, మేస్త్రీ, ఓట్లడిగేవాళ్లు. అమ్మ ఆ మోకాళ్లతోనే గట్టు దిగి, చతికిలబడి, జరుగుతూ జరుగుతూ పెద్దమ్మ పక్కకు చేరి పీకడం మొదలుపెట్టింది. నేను పీకానో లేదో నాకు గుర్తులేదు.

"నేను రాను," అంది పెద్దమ్మ, సంగతంతా విని. "ఆ మేస్త్రీ అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. టికెట్ కొనుక్కోని మళ్లీ ఆడికే పోతారా ఎవురన్నా?"

"ఇప్పుడు మనం కూలికి పోవడంల్యా గదా," అంది అమ్మ.

పెద్దమ్మ మళ్లీ కలుపు మీదికి వంగింది. మేం బయల్దేరేటప్పుడు మాత్రం, "వచ్చేటప్పుడు రొండు ఏర్లు పీక్కోని రా. కుండలో పెట్టుకుంటా," అంది.

బస్సులో అమ్మ బూట్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెల్లవారి హైదరాబాదులో దిగి, ఆటోలో ఆ గేటు దగ్గరికి పోయేసరికి బాగా పొద్దెక్కింది. గేటు దగ్గర అమ్మ ఆగింది. తాను చూసిన దిబ్బలు ఎక్కడున్నాయో పోల్చుకోలేకపోయింది. అప్పట్లో చుట్టూ రాళ్లు, ముళ్లకంప. ఇప్పుడు అద్దాల మేడలు. వాటి మధ్య ఆ పచ్చదనం. నేను కూడా అంత గడ్డిని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంతా అంటుకునిందే పాపా. ఒక్క ఏరు కూడా సచ్చినట్టు ల్యా."

లోపల మర్యాదగానే చూశారు. టికెట్లు చూసి, మా ఇద్దరి మణికట్లకు పచ్చ కాగితం పట్టీలు అంటించారు. క్లాసు చెప్పే కుర్రాడు వచ్చి నమస్కారం పెట్టి, ఒక రేకుల పందిరి కిందికి తీసుకుపోయాడు. అక్కడ వరసగా పచ్చటి ప్లాస్టిక్ పట్టాలు పరిచి ఉన్నాయి.

"దీని మీద నిలబడండమ్మా," అన్నాడు.

అమ్మ బూటు కొసతో పట్టాను రుద్ది చూసింది. "ఇది పట్టా గదా నాయనా. గడ్డి ఏదీ?"

అతను దూరంగా చెయ్యి చూపించాడు. "అక్కడికి ఇప్పుడే కాదమ్మా. చాలా రోజులు నేర్చుకోవాలి. కొత్తవాళ్లు కొడితే గడ్డి లేచిపోతుంది. పాడైపోతుంది."

"ఆ గడ్డి నాటింది ఈమే," అన్నాను.

"ఓ, నైస్," అన్నాడు అతను, బంతి తీసి పట్టా మీద పెడుతూ.

ఆ రెండు ముక్కలకంటే ఒక తిట్టు తిట్టినా బాగుండేది. తిట్టుకైతే నా దగ్గర జవాబుంటుంది. అమ్మ మాత్రం అతను చెప్పినట్టే కర్ర పట్టుకుని కొట్టింది. బంతి పట్టా అంచు దాకా దొర్లి ఆగిపోయింది. ఇంకోసారి కొట్టింది. కర్రను జాగ్రత్తగా గోడకు ఆనించి, బాత్‌రూమ్‌కు పోయి వస్తానంది. నేను ఆ కుర్రాడితో వాదనలో పడ్డాను. ఫోనులో గడ్డే అన్నారు కదా అని నేను, చుట్టూ గడ్డే కదా మేడమ్ అని అతను. ఎంతకీ అమ్మ తిరిగి రాకపోయేసరికి వెతుక్కుంటూ పోయాను.

దారి పక్కన తెల్లబూట్లు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి, చర్చి గుమ్మం ముందు విడిచినట్టు. వాటి అవతల తాడు. తాడు అవతల పచ్చటి ఏటవాలు మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని కలుపు తీస్తున్నారు. ఆ వరస చివర మా అమ్మ. ఒట్టి కాళ్లు గడ్డి మీద చాపి కూర్చుని, పక్కామెతో మాట్లాడుతూ, గుప్పెడు కలుపు పీకి పక్కన పెడుతోంది. పద్ధతి ప్రకారమే చేసింది. ఆ ఆడవాళ్లు దర్శి, దొనకొండ వైపు నుంచి వచ్చారట. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ గడ్డి దగ్గరికి మనుషులు మా వైపు నుంచే వస్తున్నారు.

నేను పిలిచేలోపే టోపీ పెట్టుకున్న సూపర్‌వైజర్ ఒకడు దిబ్బ దిగి వచ్చాడు.

"ఏయ్ ముసల్దానా, తలకు గుడ్డేదీ? మాటలు ఆపి చెయ్యి ఆడించు!"

నేను తాడు దగ్గరికి ఉరికాను. "మాట జాగ్రత్త. ఆమె టికెట్ కొన్న మనిషి," అని నా చేతి పట్టీ చూపించాను, రశీదు చూపించాను. అతను ఒక్కసారిగా మెత్తబడ్డాడు. టోపీ తీశాడు కూడా.

"సారీ మేడమ్. గెస్టులని తెలియలేదు. కానీ గెస్టులు ఇక్కడ అడుగు పెట్టకూడదు మేడమ్. అందులోనూ బూట్లు లేకుండా. దయచేసి ఆమెను బయటికి రమ్మనండి."

"మరి వీళ్లంతా ఒట్టి కాళ్లతోనే ఉన్నారు కదా?"

"వాళ్లు పనివాళ్లు మేడమ్," అన్నాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

టికెట్ ఉన్న మనిషిని లేవమంటున్నాడు. రశీదు చేతిలో ఊపుతూ, మీ పెద్దవాళ్లను పిలవండి, ఇక్కడే తేల్చుకుంటానని ఏదో అన్నాను. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత, అతను నా వైపు తిరిగి ఉండగానే, మణికట్టు మీది పచ్చ కాగితాన్ని పళ్లతో కొరికి తెంపి, చీర కుచ్చిళ్లలోకి దోపుకుంది. పక్కామె భుజం మీది తువ్వాలు తీసుకుని తలకు చుట్టుకుంది.

"నేను పనిదాన్నే సారూ. కొత్తగా వచ్చినా," అంది అతనితో. "ఆ మేడం ఎవురో నాకు తెల్దు."

అతను నన్ను అనుమానంగా చూశాడు. నేను రశీదు కిందికి దించాను. తెలియదంటే అమ్మ గడ్డి మీద ఉంటుంది, తెలుసంటే నా పక్కకు వస్తుంది.

"అయితే లెయ్. అందరూ లేసి ఆ పై దిబ్బ కాడికి నడవండి," అన్నాడు వాళ్లతో. నా వైపు తిరిగి గొంతు మార్చి, "మీ క్లాసు టైమ్ ఇంకా ఉంది మేడమ్, మీరు మ్యాట్ దగ్గరికి వెళ్లండి," అన్నాడు.

పక్కనున్న ఇద్దరు చంకల్లో చేతులు వేసి అమ్మను లేపారు. అమ్మ నడిచింది. వంకర మోకాళ్లతో, మెల్లగా, ఒట్టి కాళ్లతో, ఆ ఏటవాలు పొడుగునా. మధ్యలో ఒకసారి ఆగి కాలి వేళ్లను గడ్డిలోకి నొక్కింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నేను తాడుకు ఇవతల, ఒక చేతిలో బూట్లు, ఒక చేతిలో రశీదు పట్టుకుని నిలబడ్డాను.

పనివాళ్లు భోజనాలకు లేచినప్పుడు వాళ్లతో పాటే పనివాళ్ల గేటులోంచి బయటికి వచ్చింది. ఆ గేటు ఎటుందో నాకు తెలియక చాలాసేపు వెతికాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాళ్లు సీటు మీదికి తీసుకుంది. అరికాళ్ల బీటల్లో పచ్చటి మరకలు. పెద్దమ్మకు రెండు గడ్డి వేర్లు కొంగున మూటకట్టి తెచ్చింది. ఎట్లా ఉందని అడిగితే, "మెత్తగా ఉంది," అంది. హైదరాబాదు దాటాక, ఇంక ఆపుకోలేక అడిగాను.

"నేనెవరో తెలియదన్నావేమ్మా అతనితో?"

అమ్మ నా మొహం వైపు జాలిగా చూసింది. నేను చిన్నపిల్లనై ఏదో తెలియక అడిగినట్టు.

"నువ్వు టికెట్ కొన్నదానివి పాపా. నేను నీ తల్లినని చెప్పుంటే, నన్ను కూడా బయటికి పంపిచ్చుండేవోడు," అంది.

బూట్లు నా ఒళ్లోనే ఉన్నాయి. వాటికి ఒక్క గడ్డిపోచ కూడా అంటలేదు.